ఈ పుస్తకం ఏ గడిలోకి వస్తుంది? జానర్ల చిక్కుముడి, రకరకాల చదువుల రుచి

ఈ జనవరిలో మా అక్క కూతురితో కలిసి నందనం వైఎంసీఏ మైదానంలో జరిగే పుస్తక ప్రదర్శనకి వెళ్లాను. చెన్నైలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లిష్. ఈ ఏడాది నెలకో రకం చొప్పున పన్నెండు రకాల పుస్తకాలు చదవాలని స్నేహితురాళ్లందరూ పందెం వేసుకున్నారట. ఫోన్‌లో పన్నెండు గడుల పట్టిక ఉంది. క్రైమ్, ప్రేమకథ, సైన్స్ ఫిక్షన్, ఆత్మకథ, కవిత్వం, చరిత్ర, అనువాదం, క్లాసిక్, ఇలా సాగింది. ఒక తెలుగు పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, "పిన్నీ, ఇది ఏ జానర్?" అని అడిగింది.

ఒక రచయిత తన చిన్నప్పటి ఊరి సంగతుల్ని కథలుగా చెప్పిన పుస్తకం అది. అందులో మనుషులు నిజం, కొన్ని సంఘటనలు కల్పితం, మధ్యమధ్య పద్యాలు, పేజీకో నవ్వు. ఆత్మకథ అనాలా, కథలు అనాలా, హాస్యం అనాలా? వెంటనే చెప్పలేకపోయాను. వెనక నిలబడ్డవాళ్లు తోసుకుంటుంటే పుస్తకం కొనేసి బయటికి వచ్చాం. ఆ ప్రశ్న మాత్రం మెట్రో రైలు ఎక్కిన తర్వాత కూడా నన్ను వదల్లేదు.

కొత్త సంవత్సరం వస్తే చాలు, ఇలాంటి పట్టికలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అన్ని రకాలూ చదవండి అంటాయి. రకం అంటే ఏమిటో, అన్ని రకాలూ చదివితే దొరికేదేమిటో అవి చెప్పవు.

ఒకే మాటలో నాలుగు సంగతులు

మా అమ్మాయి పట్టికను కాస్త నిదానంగా చూస్తే, పన్నెండు గడులూ ఒకే కొలతతో గీసినవి కావని తెలుస్తుంది.

కవిత్వం అనేది ప్రక్రియ. అంటే రచనకున్న ఆకారం. నవల, కథ, నాటకం, వ్యాసం, పద్యం ఇవన్నీ ప్రక్రియలే. క్రైమ్, ప్రేమకథ, సైన్స్ ఫిక్షన్ అన్నవి ఆకారాన్ని చెప్పవు, లోపల ఏం జరుగుతుందో, ఎలాంటి అనుభవం కోసం సిద్ధపడాలో చెబుతాయి. ఇంగ్లిష్‌లో జానర్ అన్న మాట రెండింటికీ వాడతారు. తెలుగులో ఈ రెండో దానికి స్థిరపడిన మాట లేదు కాబట్టి ఈ వ్యాసంలో కోవ అంటాను. ప్రేమకథ నవలగా రావచ్చు, నాటకంగా రావచ్చు, ద్విపద కావ్యంగా కూడా రావచ్చు. కోవ ఒకటే, ప్రక్రియలు మూడు.

అనువాదం ప్రక్రియా కాదు, కోవా కాదు. పుస్తకం మన దాకా వచ్చిన దారి. చక్రపాణి బెంగాలీ నేర్చుకుని శరత్‌బాబు నవలల్ని తెలుగులోకి తెచ్చినప్పుడు, వాటిని చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు అనువాదం చదువుతున్నామని అనుకోలేదు, కుటుంబ కథ చదువుతున్నామనే అనుకున్నారు. ఇక క్లాసిక్ అనేది స్థాయి గురించి కాలం ఇచ్చిన తీర్పు.

ఒక పుస్తకం ఒకేసారి నవల, క్రైమ్, అనువాదం, క్లాసిక్ అన్నీ కావచ్చు. ఒక్క పుస్తకంతో నాలుగు గడులు నిండిపోతాయి. అలా నింపితే మోసం చేసినట్టు అనిపిస్తుంది గానీ, తప్పు చదివిన మనిషిది కాదు. గడులే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

పేర్లు కుదరడానికి కాలం పట్టడం మన భాషకు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రను 1878లో తన పత్రిక వివేకవర్ధనిలో వరసగా అచ్చువేసినప్పుడు, దాన్ని ఏమని పిలవాలో చెప్పే మాట తెలుగులో లేదు. ఆయన దాన్ని వచన ప్రబంధం అన్నారు. చేతిలో ఉన్న పాత పాత్రలో కొత్త వంటకం వడ్డించడం లాంటిది అది. నవల అన్న మాటను తర్వాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ఇచ్చారు. ఇంగ్లిష్ మాటకు దగ్గరగా వినిపించాలి, సంస్కృతంలో కొత్త విశేషాలను గ్రహించేది అన్న అర్థం కూడా రావాలి. రెండూ కుదిరాయి. అంటే ప్రక్రియ ముందు పుట్టింది, పేరు తర్వాత వచ్చింది. పుస్తకాన్ని చేతిలో పట్టుకుని ఏ గడిలో పెట్టాలో తెలియక నిలబడడం పాఠకులకే కాదు, రాసినవాళ్లకు కూడా జరిగింది.

పేరు మీదే గొడవ ఆగని సందర్భం కూడా ఒకటుంది. తొలి తెలుగు కథ ఏది? 1910లో వచ్చిన గురజాడ దిద్దుబాటు అని చాలాకాలం చెప్పుకున్నాం. కాదు, 1902లోనే భండారు అచ్చమాంబ ధనత్రయోదశి వచ్చింది కదా అని మరికొందరు చూపిస్తారు. సంవత్సరాల విషయంలో ఎవరికీ అనుమానం లేదు. తేడా అంతా ఆధునిక కథ అంటే ఏమిటన్న నిర్వచనం దగ్గర ఉంది. క్లుప్తత, సంభాషణతో ఎత్తుగడ, వాడుక భాష ముఖ్యమనుకుంటే ఒక జవాబు వస్తుంది. కథా వస్తువు, ఆడవాళ్ల జీవితం అచ్చులోకి రావడం ముఖ్యమనుకుంటే ఇంకో జవాబు వస్తుంది. గీత ఎక్కడ గీస్తామన్న దాన్ని బట్టి చరిత్ర మొదటి పేజీ మారిపోతుంది. అచ్చమాంబ పేరును ఇన్నేళ్లు మరిచిపోవడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

ముందే కుదిరిన ఒప్పందం

ఈ వాక్యం చూడండి. "ఆమె తలుపు తీసి చూసేసరికి గదిలో దీపం ఆరిపోయింది."

ఇది డిటెక్టివ్ నవలలో ఉంటే దీపం ఎవరు ఆర్పారు అని అడుగుతాం. కిటికీ తెరిచి ఉందా, ఇంట్లో అప్పుడు ఎవరెవరున్నారు అని లెక్క వేస్తాం. దెయ్యం కథలో ఉంటే ఎవరు ఆర్పారు అన్న ప్రశ్న అడగడానికే భయపడతాం. ప్రేమకథలో అయితే లోపల ఎవరో ఆమె కోసం ఎదురుచూసి చూసి విసిగిపోయారని మనసు చివుక్కుమంటుంది. కవితలో దీపం బహుశా దీపమే కాదు. గ్రామ విద్యుత్ చరిత్ర రాసే పుస్తకంలో ఇదే వాక్యం కనిపిస్తే, ఆ సంవత్సరం ఆ ఊరికి కరెంటు వచ్చిందా లేదా అని చూస్తాం.

వాక్యం మారలేదు. మనం దాన్ని అడిగిన ప్రశ్న మారింది. కోవ చేసే పని ఇదే. మొదటి పేజీ తెరవకముందే రాసినవాళ్లకూ చదివేవాళ్లకూ మధ్య ఒక ఒప్పందం కుదురుతుంది. ఏ వివరాలు గుర్తుపెట్టుకోవాలి, వేటిని వదిలేయవచ్చు, చివర్లో ఏం బాకీ తీర్చాలి అన్నది ఆ ఒప్పందంలో ఉంటుంది. డిటెక్టివ్ నవల చివర హంతకుడు దొరక్కపోతే పాఠకుడు తనకు అన్యాయం జరిగిందంటాడు. కవిత చివర ఎవరూ దొరక్కపోయినా ఎవరికీ పేచీ ఉండదు.

ఇది ఊహ మాత్రమే కాదని చూపించిన ప్రయోగం ఒకటుంది. 1994లో రోల్ఫ్ జ్వాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొన్ని రచనా భాగాలను రెండు గుంపులతో చదివించారు. ఒక గుంపుకు ఇవి వార్తలని, ఇంకో గుంపుకు ఇవే సాహిత్యమని చెప్పారు. సాహిత్యం అనుకున్నవాళ్లు నెమ్మదిగా చదివారు, వాక్యాల్లోని మాటలు వాళ్లకు బాగా గుర్తున్నాయి. వార్త అనుకున్నవాళ్లకు మాటల కంటే ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది బాగా గుర్తుంది. చదివింది ఒకటే. మీద అతికించిన పేరు కళ్ల వేగాన్నీ, గుర్తుండే తీరునూ మార్చింది.

అందుకే ఒక కోవ నుంచి ఇంకో కోవకు వెళ్లడమంటే సబ్జెక్టు మార్చడం కన్నా ఎక్కువ. చదివే పద్ధతే మారుతుంది. పాటలో రాగం మారినట్టు లోపల శ్రుతి సరిచేసుకోవాలి. ఆ సరిచేసుకోవడంలోనే ఒక సుఖం ఉంది. మొదటి ఇరవై పేజీలు కాలు కుదురుకోని ఇబ్బంది, తర్వాత ఒక్కసారిగా పట్టు దొరకడం. చాలామంది ఆ ఇరవై పేజీల దగ్గరే ఆగిపోయి, ఈ రకం నాకు పడదు అనుకుంటారు.

రసాల పట్టికలో డిటెక్టివ్ ఎక్కడ?

కోవలనేవి పడమటి నుంచి వచ్చిన విభజన కదా అని ఎవరైనా అంటే, మన దగ్గర రసాల పట్టిక ఉందని గుర్తుచేయవచ్చు. నాట్యశాస్త్రం ఎనిమిది రసాలు చెప్పింది, తర్వాతివాళ్లు శాంతాన్ని తొమ్మిదోదిగా నిలబెట్టారు. ప్రేమకథలకు శృంగారం, దెయ్యం కథలకు భయానకం, రక్తం చిందే హారర్‌కు బీభత్సం, రాకుమారులు కత్తి దూసే జానపద నవలలకు వీరం, సైన్స్ ఫిక్షన్‌కు అద్భుతం చక్కగా అమరుతాయి.

అమరనిది ఒకటుంది. డిటెక్టివ్ నవల చదువుతున్నప్పుడు మనకు కలిగేది శవాన్ని చూసిన జుగుప్స కాదు, చనిపోయినవాళ్ల మీద కరుణ కూడా పెద్దగా ఉండదు. తెలుసుకోవాలన్న తహతహ ఉంటుంది. అది తొమ్మిది రసాల్లో లేదు. అదే శాస్త్రం చెప్పిన 33 సంచారీ భావాల్లో మాత్రం ఔత్సుక్యం ఉంది, వితర్కం ఉంది. తహతహ, తర్జనభర్జన. ప్రాచీనులు వాటిని రసాన్ని పోషించే చిన్న అలలుగా చూశారు. డిటెక్టివ్ కథ ఆ రెండు చిన్న అలలనే ప్రధాన ప్రవాహం చేసింది. ఈ కోవ కొత్తదనం ఏమిటో నాకు ఈ పాత పట్టిక పక్కన పెట్టి చూసినప్పుడే బోధపడింది.

రసాల పట్టిక ఇంకో మేలు కూడా చేస్తుంది. అది పుస్తకం గురించి అడగదు, చదివే మనిషికి ఏం కలిగిందని అడుగుతుంది. మా అమ్మాయి చేతిలోని పుస్తకం ఆత్మకథా కథలా అని తేలకపోయినా, అందులో హాస్యం, దాని అడుగున కరుణ ఉన్నాయని మాత్రం ఎవరైనా చెప్పగలరు.

లైబ్రరీ అర వేరు, దుకాణం అర వేరు

చిక్కుకు ఇంకో కారణం ఉంది. పుస్తకాలను సర్దేవాళ్లు ఇద్దరు, ఇద్దరి అవసరాలూ వేరు.

దుకాణం పాఠకుడి కోరికను బట్టి సర్దుతుంది. థ్రిల్లర్లు ఒకచోట, వంటలు ఒకచోట, ఆధ్యాత్మికం ఒకచోట. లైబ్రరీ అలా చేయదు. 1876లో వచ్చిన, పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ దశాంశ పద్ధతిలో సాహిత్యం 800 దగ్గర మొదలవుతుంది, తెలుగు సాహిత్యం 894.827. ఆ తర్వాత పద్యమా, నాటకమా, నవలా అని ప్రక్రియ. ఆ అరలో హత్యల నవల పక్కన అత్తాకోడళ్ల నవల, దాని పక్కన విప్లవ నవల నిలబడతాయి.

దీని గురించి చెన్నైలో కూర్చుని లోతుగా ఆలోచించిన మనిషి షియాలి రామామృత రంగనాథన్. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్ అయ్యారు. చదువు కోసం లండన్ వెళ్లినప్పుడు అక్కడి ఒక దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూశారు. అవే ముక్కలు, అవే నట్లు, కానీ బిగించే తీరును బట్టి ఒకసారి బండి, ఒకసారి వంతెన. పుస్తకాన్ని కూడా ఒకే గడిలో ఇరికించకుండా, దాని సంగతుల్ని ముక్కలుగా విడదీసి మళ్లీ బిగించవచ్చన్న ఆలోచన అక్కడ వచ్చింది. 1933లో అచ్చయిన ఆయన కోలన్ వర్గీకరణకు అది పునాది. ఈ పుస్తకం ఏ గడిలోకి వస్తుందని అడగడానికి బదులు ఇందులో ఏయే ముఖాలున్నాయని అడిగే పద్ధతి అది. మా అమ్మాయి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబుల్లో అన్నిటికన్నా మంచిది ఇదే.

1931లో ఆయన రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. రెండో సూత్రం దుకాణానికి కూడా తెలుసు. మూడోది పాటించాలంటే మాత్రం పాఠకుడు అరల మధ్య స్వేచ్ఛగా తిరగాలి, తాను వెతకని పుస్తకం కంటపడాలి. కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో ఒక అంతస్తుకని బయలుదేరి ఇంకో అంతస్తులో ఆగిపోయిన మధ్యాహ్నాలు నాకు చాలా ఉన్నాయి.

ఒకే వాన, నాలుగు పుస్తకాలు

రకరకాల కోవలు చదివితే దొరికేదేమిటి అన్న ప్రశ్నకు నా దగ్గరున్న ఉదాహరణ 2015 డిసెంబరు వాన.

అప్పుడు మా అక్క వాళ్లు సైదాపేటలో, అడయారు నదికి దగ్గర్లో ఉండేవారు. డిసెంబరు 1 రాత్రి నీళ్లు గుమ్మం దాటాయి. తెల్లారేసరికి పుస్తకాల బీరువాలో కింది మూడు అరలు మునిగిపోయాయి. వారం తర్వాత మేడ మీద తాడు కట్టి పుస్తకాలు ఆరబెట్టుకున్నాం. ఆ వాన మాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. ఒక్క రకం పుస్తకంతో అర్థం కాలేదు కూడా.

మొదట వాతావరణ శాస్త్రం. చెన్నైకి ముఖ్యమైన వాన నైరుతి రుతుపవనాలది కాదు, ఈశాన్య రుతుపవనాలది. అందుకే హైదరాబాద్ తడిసే జూన్ జులైల్లో మనం చెమట కక్కుతాం, అక్టోబరు తర్వాత తడుస్తాం. 2015లో పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో బలంగా ఉంది. డిసెంబరు 2 ఉదయంతో ముగిసిన ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్లు పడింది. ఈ కోవ పుస్తకాలు మన ఇంటి పేరెత్తవు. మన గుమ్మం ముందున్న నీటికీ వేల మైళ్ల దూరంలో వేడెక్కిన సముద్రానికీ సంబంధం చూపిస్తాయి. అంత పెద్ద లెక్కలో మన దుఃఖం ఒక చుక్క అని తెలియడంలో, విచిత్రంగా, కొంత ఊరట కూడా ఉంది.

రెండోది నగర చరిత్ర. మేం పండగ బట్టలకు వెళ్లే టి. నగర్ ఉన్నచోట ఒకప్పుడు లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు ఉండేది. 1923 నుంచి 1925 మధ్య దాన్ని ఎండగట్టి ఇళ్ల స్థలాలు చేశారు. త్యాగరాయనగర్ అన్న పేరు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిది. మధ్యలో ఉన్న పార్కుకు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని పానగల్ రాజా పేరు. ఇద్దరూ తెలుగువాళ్లే. తెలుగు సినిమా రచయితలు సాయంత్రాలు కూర్చుని కబుర్లాడుకున్న పానగల్ పార్కు ఆ చెరువు చరిత్రలో ఒక భాగమని తెలిసిన రోజున నేను ఆ పార్కు చుట్టూ ఒకసారి ఊరికే నడిచి వచ్చాను. చరిత్ర అడిగే ప్రశ్న, ఈ నీరు ఇంతకుముందు ఎక్కడ ఉండేది అని. వాతావరణ శాస్త్రానికి ఆ ప్రశ్న తట్టదు.

మూడోది నేర పరిశోధన చదివిన కళ్లు. అడయారు నదికి ఎగువన ఉన్న చెంబరంబాక్కం చెరువు నుంచి ఒక దశలో 29,000 క్యూసెక్కుల నీరు వదిలారు. ఈ సంఖ్య చూడగానే డిటెక్టివ్ నవలలు చదివే మనిషి గడియారం వైపు చూస్తాడు. ఎన్ని గంటలకు చెరువులో ఎంత నీరుంది, గేట్లు ఎప్పుడు ఎంత ఎత్తారు, కింది వీధులకు కబురు ఎప్పుడు చేరింది. సంఘటనల్ని జరిగిన వరసలో పెట్టడం, రెండు వాంగ్మూలాల మధ్య ఖాళీని పట్టుకోవడం, ఆధారం లేకుండా ఎవరినీ దోషి అనకపోవడం, ఇవన్నీ ఆ కోవ నేర్పే అలవాట్లు. కాలక్షేపం అని తీసిపారేసే పుస్తకాలు నేర్పే అలవాట్లు ఇవి.

నాలుగోది కథ. ఆ రాత్రి నీళ్లు లోపలికి వస్తుంటే మా అక్క అత్తగారు మొదట పైకి మోసుకెళ్లింది ఆవకాయ జాడీ. సర్టిఫికెట్ల ఫైలు కింద ఉండిపోయింది. ఎందుకు జాడీ? ఆ ఆవకాయ కాకినాడలో ఉండే ఆవిడ చెల్లెలు కలిపి పంపింది. ఆ చెల్లెలు ఆ వేసవిలోనే పోయింది. క్యూసెక్కుల పుస్తకంలో ఈ జాడీకి చోటు లేదు. చెరువుల చరిత్రలో లేదు. నేర పరిశోధనకు ఇది అనవసరమైన వివరం. కథలో మాత్రం ఇది తప్ప ఇంకేం అక్కర్లేదు.

ఈ నాలుగింటిలో ఏదీ మిగతా మూడింటి పని చేయలేదు. ఒకదాని తర్వాత ఒకటి చదివినప్పుడు కలిగిన ఆనందం ఏమిటంటే, నాకు పూర్తిగా తెలుసనుకున్న ఒక రాత్రి నాలుగుసార్లు కొత్తగా కనిపించడం.

చదివితే మనిషి మంచివాడవుతాడా?

ఈ ఉదాహరణ నుంచి ఎక్కువ లాగకూడదు. రకరకాలుగా చదివితే మెదడు పదునెక్కుతుందని, సాహిత్యం చదివితే ఎదుటివాళ్ల మనసు అర్థమవుతుందని పోస్టర్ల మీద రాస్తుంటారు. అసలు తెలిసింది కొంచెం.

2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెల్ కాస్టానో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన అచ్చువేశారు. సాహిత్య స్థాయి ఉన్న కథను కాసేపు చదివినవాళ్లు, పాపులర్ కథలు చదివినవాళ్ల కంటే, వ్యాసాలు చదివినవాళ్ల కంటే, ఎదుటివారి మనోభావాలను బాగా గుర్తించారని దాని సారాంశం. ప్రపంచమంతా పత్రికలు రాశాయి. తర్వాత పరీక్ష మొదలైంది. 2018లో పెద్ద పరిశోధక బృందం ఒకటి నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను మళ్లీ చేసి చూసింది. 13 నిలబడ్డాయి. ఈ చదువు ప్రయోగం నిలబడనివాటిలో ఉంది. అదే ఏడాది 14 ప్రయోగాలను కలిపి లెక్కవేసిన ఇంకో అధ్యయనం, కల్పన చదవడం వల్ల ఎదుటివారిని అర్థం చేసుకునే శక్తి పెరుగుతుంది గానీ చాలా కొద్దిగా అని తేల్చింది.

కాబట్టి ఒక కథ చదివి లేవగానే మనిషి మారిపోతాడన్న మాటకు బలం లేదు. ఏళ్ల తరబడి చదివే అలవాటు సంగతి వేరు, దాన్ని ప్రయోగశాలలో కొలవడం కష్టం. ఎక్కువ చదివేవాళ్లకు ఎదుటివారి పట్ల అవగాహన ఎక్కువని లెక్కలు చూపినా, చదవడం వల్ల అవగాహన వచ్చిందా, అవగాహన ఉన్నవాళ్లే కథలు చదువుతున్నారా అన్నది విడదీయడం తేలిక కాదు. నాకు ఇది నిరాశ కలిగించలేదు. పుస్తకం ఇచ్చే ఆనందానికి మందు సీసా మీద ఉండే చీటీ అక్కర్లేదు.

ఒకే కోవలో స్థిరపడినవాళ్ల మాట

రకరకాలుగా చదవడం గొప్పని అనేవాళ్లు ఒక వాదనను వినరు. అది విని తీరాలి.

మా మామయ్య అరవైల నుంచి డిటెక్టివ్ నవలలే చదువుతున్నారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌తో మొదలై, తమిళంలోకి, ఇంగ్లిష్‌లోకి వెళ్లారు. ఆయన్ని అడిగితే, "అమ్మాయ్, నువ్వు పది ఊళ్లు చూశావు. నేను ఒకే ఊళ్లో యాభై ఏళ్లున్నాను. ఏ సందు ఎటు పోతుందో నాకు తెలుసు" అంటారు. అందులో నిజం ఉంది. ఒక కోవలో వంద పుస్తకాలు చదివిన మనిషికి నూటొకటో రచయిత ఎక్కడ దారి తప్పించాడో వెంటనే కనిపిస్తుంది. కచేరీలో అదే రాగం వందసార్లు విన్నవాళ్లకే ఒక కొత్త సంగతి విని తల ఊగుతుంది. మొదటిసారి వినేవాళ్లకు అంతా కొత్తే కనుక, ఏది నిజంగా కొత్తదో తెలియదు.

ఎదుటి పక్షం మాట కూడా బలమైనదే. ఒకే కోవలో ఉంటే దాని ఒప్పందమే లోకరీతి అనిపించడం మొదలవుతుంది. ప్రతి కథకూ దోషి ఉండాలనిపిస్తుంది. ప్రతి ప్రేమకూ పెళ్లి ఉండాలనిపిస్తుంది. బయటి కోవ ఒకటి చదివినప్పుడే అది ఒప్పందమని, ప్రకృతి నియమం కాదని తెలుస్తుంది. నేను ఇటు మొగ్గుతాను. అయినా డిటెక్టివ్ కథ గురించి నాకు తెలిసిన సగం సంగతులు మామయ్య చెప్పినవే.

ఇక్కడే కాలక్షేపం అన్న మాట సంగతి. గంభీరమైన సాహిత్యం ఒకవైపు, కాలక్షేపం పుస్తకాలు ఒకవైపు అని విడదీసేటప్పుడు ఆ మాటను చిన్నచూపుతో వాడతాం. హరికథా కాలక్షేపం అన్నప్పుడు అందులో చిన్నచూపు లేదు. దేవుడి కథ వింటూ పొద్దు గడపడం గౌరవమే. ఆ ఒక్క కాలక్షేపంలోనే కథ, సంగీతం, పద్యం, పిట్టకథల హాస్యం, వేదాంతం అన్నీ వచ్చేవి. కోవలు విడివిడిగా అరల్లోకి వెళ్లకముందు అలా కలిసి కూర్చునేవి.

అచ్చులో ఆ పని పత్రికలు చేశాయి. మద్రాసు నుంచి 1924లో మొదలైన భారతిలో కవిత్వం పక్కన చరిత్ర, దాని పక్కన శాసనాల మీద చర్చ ఉండేవి. 1947 జులైలో ఇక్కడే పుట్టిన చందమామ పిల్లలకు అదే విందు పెట్టింది. దాసరి సుబ్రహ్మణ్యం జానపద సీరియల్ కోసం పుస్తకం తెరిచిన పిల్లాడు బేతాళ కథలో చిక్కు ప్రశ్న దగ్గర ఆగేవాడు, అక్కడి నుంచి పురాణంలోకి వెళ్లేవాడు. అన్నీ ఒకే దారంతో కుట్టి ఉండేవి కాబట్టి, ఎవరూ పందెం వేయకుండానే గడులన్నీ నిండేవి.

మూడు లిపుల ఊళ్లో

చెన్నై తెలుగువాళ్లకు ఇంకో దారి తెరిచి ఉంటుంది. ఒక్కో భాష ఒక్కో కోవను ముద్దుగా పెంచుకుంటుంది. కల్కి పొన్నియిన్ సెల్వన్ 1950 నుంచి 1954 వరకు వారం వారం వచ్చినప్పటి నుంచి చారిత్రక నవల తమిళ ఇళ్లలో కుటుంబ సభ్యురాలు. తెలుగులో ఆశువుగా పద్యం చెప్పే అవధానం ఇప్పటికీ బతికి ఉంది. ఒక భాషలో పలచగా ఉన్న కోవ, పక్కింటి భాషలో చిక్కగా దొరుకుతుంది.

చిక్కల్లా లిపి దగ్గర. మా అమ్మాయికి తెలుగు వినడం, మాట్లాడడం బాగా వచ్చు. చదవడం కూడబలుక్కోవడమే. నవల మొదలుపెడితే పేజీకి పావుగంట. మనుషుల చదువు వేగం మీద 190 అధ్యయనాలను కలిపి చూసిన మార్క్ బ్రిస్‌బార్ట్, ఇంగ్లిష్‌లో నిమిషానికి కల్పన 260 మాటలు, కల్పనేతరం 238 మాటలు చదువుతారని 2019లో లెక్క తేల్చారు. అంటే అనుభవమున్న పాఠకులకు కూడా కోవను బట్టి వేగం మారుతుంది. నవలకు వేగం కావాలి. వేగం లేకపోతే పదో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీలో ఎవరు ఎవరికి ఏమవుతారో మరిచిపోతాం. ఆ టెన్షన్‌తోనే తను తెలుగు పుస్తకాలు పక్కన పెట్టేసింది.

పద్యం సంగతి అలా కాదు. అది నెమ్మదిగా చదవడానికే కట్టింది. బాగా చదవగలిగినవాళ్లు కూడా పదం దగ్గర ఆగుతారు, వెనక్కి వెళతారు, పైకి చదువుతారు. ప్రదర్శన నుంచి వచ్చాక ఆ పిల్ల వేమన పద్యాల చిన్న పుస్తకం తీసింది. ఆటవెలది నాలుగు పాదాలు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివి, తర్వాత అదే పద్యాన్ని గొంతెత్తి చదివితే, చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్నది గుర్తొచ్చి లిపి కంటే ముందే చెవి అందుకుంటోంది.

రోజుకొకటి చదువుతోంది. కవిత్వం గడిలో ఇంకా టిక్కు పెట్టలేదు. ఎందుకే అంటే, "ఉండు పిన్నీ, ఇంకా చాలా ఉన్నాయి" అంది.